టైపు హింటు స్పీడు కోసమని ఎవరు చెప్పారండీ?

క్లోజర్‌లో కోడ్ రాసేవాళ్ళని ఎవర్నైనా కదిపి చూడండి. "టైపు హింటు ఎందుకండీ?" అంటే ఠక్కున వచ్చే సమాధానం ఒక్కటే. "స్పీడు కోసం. అవసరమైతే పెట్టు, లేకపోతే మానెయ్." నేనూ ఇదే చెప్పేవాణ్ణి. ఇంటర్వ్యూల్లో చెప్పాను, కొత్తగా చేరిన పిల్లలకి చెప్పాను, కోడ్ రివ్యూల్లో రాశాను కూడా. ఆ మాట ఒక కుర్రాడి మెడకి చుట్టుకోవడం దగ్గరుండి చూశాక మానేశాను. హింటు పెడితే స్పీడు పెరుగుతుంది, అబద్ధమేం కాదు. కానీ అది పక్కన వచ్చే లాభం మాత్రమే. ఓవర్‌లోడ్ అయిన జావా మెథడ్ దగ్గర హింటు ముందుగా మార్చేది ఏ మెథడ్‌ని పిలుస్తున్నామన్న సంగతిని. అంటే ప్రోగ్రాం అర్థాన్ని. దీన్ని స్పీడు ఖాతాలో రాసుకుని కూర్చున్నాం కాబట్టే నాలాంటివాళ్ళం దెబ్బ తింటున్నాం.

క్లోజర్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రిచ్ హికీ 2007లో బయటపెట్టిన భాష. లిస్ప్ కుటుంబం, ఫంక్షనల్ పద్ధతి, టైపులు రన్‌టైములో తేలతాయి. జావా వర్చువల్ మెషీన్ మీద నడుస్తుంది, కాబట్టి జావా లైబ్రరీలన్నీ సొంత ఇంటి సామాను లాగా వాడుకోవచ్చు. మెథడ్ పేరు ముందు ఒక చుక్క పెట్టి పిలిస్తే చాలు. ఇక్కడ కోడ్ ముక్కల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. చదివేటప్పుడు మనసులో ఇంగ్లీషులోకి మార్చుకోండి, తిట్టుకోకండి :-)

ముందు అసలు గొడవ ఎక్కడుందో చూద్దాం.

మా ఊళ్ళో సుబ్బారావులు నలుగురు. పోస్టుమాన్‌కి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే కవరు మీద ఇంటిపేరు ఉంటుంది. జావా ఓవర్‌లోడింగ్ అచ్చం ఇలాంటిదే. మీరు సోర్స్‌లో ఒట్టి "సుబ్బారావు" అని రాస్తారు. కంపైలర్ మీ ఆర్గ్యుమెంట్ల టైపులు చూసి, నలుగురిలో ఎవరో తేల్చి, బైట్‌కోడ్‌లో ఇంటిపేరుతో సహా రాసేస్తుంది. బైట్‌కోడ్‌లో మెథడ్ కాల్ అంటే పేరొక్కటే కాదు, పేరూ, పారామీటర్ల టైపులూ, రిటర్న్ టైపూ కలిపిన మొత్తం చిరునామా. అందుకని నడిచే మెషీన్‌కి ఓవర్‌లోడింగ్ అంటే ఏంటో తెలీదు. దాని దృష్టిలో స్ట్రింగ్‌బిల్డర్‌లోని 13 అపెండ్‌లూ, ప్రింట్‌స్ట్రీమ్‌లోని 10 ప్రింట్‌లైన్‌లూ వేరువేరు మెథడ్‌లు, పొరపాటున ఒకే పేరు పెట్టుకున్నాయి, అంతే. ఓవర్‌లోడింగ్ అనేది పూర్తిగా కంపైలర్ ఆడే నాటకం.

మరి టైపులు ముందుగా తెలియని భాష నుంచి ఈ మెథడ్‌ని పిలిస్తే? కవరు మీద ఇంటిపేరు రాసేవాడే లేడు. అప్పుడు క్లోజర్ ఏం చేస్తుందంటే, నడిచే సమయంలో వీధిలో నిలబడి "సుబ్బారావ్!" అని కేకేస్తుంది. దీని మర్యాదపూర్వకమైన పేరు రిఫ్లెక్షన్. ఆ పేరుతో, అన్ని ఆర్గ్యుమెంట్లతో ఉన్న మెథడ్‌లన్నిటినీ తెప్పించుకుని, చేతిలో ఉన్న విలువలు ఎవరికి సరిపోతాయో చూసి, ఒకర్ని పిలుస్తుంది. ఇద్దరూ సరిపోతే ఎవరి టైపు "మెరుగు" అనడానికి దానికో సొంత లెక్క ఉంది. ఆ లెక్కకి కూడా తేలకపోతే ముందు కనబడినవాడే సుబ్బారావు. ఆ మెథడ్‌ల జాబితా ఏ వరసలో వస్తుందో జావా డాక్యుమెంటేషన్ హామీ ఇవ్వదు, ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. "రిఫ్లెక్షన్ నెమ్మది, అందుకే హింటు పెట్టమంటున్నారు" అని ఇక్కడే ఆగిపోతారు. క్లోజర్ అధికారిక డాక్యుమెంటేషన్‌లో జావా ఇంటరాప్ పేజీ కూడా ఇదే ధోరణి. స్పీడు బాగా అవసరమైన చోట రిఫ్లెక్షన్ తప్పించడానికి హింట్లు ఉన్నాయనీ, ఫలానా చోట నెమ్మదిగా ఉందని తేలేదాకా మామూలుగా హింట్ల జోలికి పోవద్దనీ సారాంశం. నా తగాదా సరిగ్గా ఈ సలహాతోనే.

ఎందుకో చెప్తాను. 2022లో మా టీములో జరిగింది.

వ్యాపారులకి డబ్బు సర్దుబాటు చేసే సిస్టం మాది. రోజు మొత్తం లావాదేవీల్ని బ్యాచ్‌లుగా కట్టి అవతలి పక్కకి పంపాలి. బ్యాచ్‌లకి 0 నుంచి నంబర్లు. ఇంకా పంపాల్సిన బ్యాచ్ నంబర్లు ఒక ఆరేలిస్ట్‌లో ఉంటాయి. అవతలినుంచి "అందింది" అని రాగానే ఆ నంబరుని లిస్టులోంచి తీసెయ్యాలి. మిగిలినవాటిని తర్వాతి రౌండులో పంపాలి. "క్లోజర్ వాడుతూ మార్చగలిగే ఆరేలిస్ట్ ఏంటయ్యా, సెట్ వాడొచ్చు కదా?" అని అప్పుడే కొందరు ముక్కు ఎగరేస్తుంటారు, నాకు తెలుసు. వాడొచ్చు. కానీ ఆ లిస్టుని ఒక పాత జావా లైబ్రరీ చేతికి ఇవ్వాలి, దానికి అదే కావాలి. ఉద్యోగాలు చేసేవాళ్ళకి ఈ బాధలు అర్థమవుతాయి.

కోడ్ లోపల ఉన్న ముఖ్యమైన లైను ఇది:

(డూటైమ్స్ [ఐ అందినవి] (.రిమూవ్ పెండింగ్ ఐ))

బ్యాచ్‌లు వరసగానే అందుతాయి కాబట్టి, ఐదు అందాయంటే 0 నుంచి 4 వరకూ తీసెయ్యమని. పెండింగ్ అనేది ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంటుగా వస్తుంది, దాని టైపు కంపైలర్‌కి తెలీదు. కాబట్టి రిఫ్లెక్షన్. ఏళ్ళ తరబడి నడిచింది, ఏ గొడవా లేదు.

ఆ కుర్రాడు టీములో చేరి నాలుగు నెలలు. బిల్డ్‌లో రిఫ్లెక్షన్ హెచ్చరికలు వరదలా వస్తున్నాయని, ఖాళీగా ఉన్నప్పుడు వాటిని తగ్గిస్తానన్నాడు. "భేష్" అన్నాను. ఈ లైను దగ్గర ఆగి, "అన్నా, ఇక్కడ హింటు పెడితే ఏమన్నా తేడా వస్తుందా?" అని అడిగాడు. అడిగాడండీ! నేను రివ్యూలో రాసిన సమాధానం ఇప్పటికీ ఉంది. "స్పీడు తప్ప తేడా ఏం ఉండదు, పెట్టెయ్."

(డూటైమ్స్ [ఐ అందినవి] (.రిమూవ్ ^ఆరేలిస్ట్ పెండింగ్ ఐ))

టోపీ గుర్తు పెట్టి ఆరేలిస్ట్ అని రాశాడు, అంతే. హెచ్చరిక పోయింది. టెస్టులు పచ్చగా ఉన్నాయి. విడుదలైంది.

ఇప్పుడు లోపల జరిగింది చూడండి. ఆరేలిస్ట్‌లో ఒక ఆర్గ్యుమెంటు తీసుకునే రిమూవ్‌లు రెండు. ఒకటి ఇంట్ తీసుకుని ఆ ఇండెక్సులో ఉన్నదాన్ని తీసేస్తుంది. ఇంకోటి ఆబ్జెక్ట్ తీసుకుని ఆ విలువ ఎక్కడుంటే అక్కడ వెతికి తీసేస్తుంది. హింటు లేనప్పుడు రిఫ్లెక్షన్ దారిలో మన ఐ బాక్స్ అయి లాంగ్ ఆబ్జెక్టుగా వెళ్తుంది. క్లోజర్ లెక్కలో దానికి రెండు రిమూవ్‌లూ సరిపోతాయి, కానీ ఆబ్జెక్ట్ తీసుకునేదాన్ని మెరుగు అనుకుంటుంది. కాబట్టి విలువని తీసేసింది. మాకు కావలసిందీ అదే.

హింటు పెట్టగానే నిర్ణయం కంపైల్ టైముకి జరిగింది. డూటైమ్స్‌లో ఐ ప్రిమిటివ్ లాంగ్. ప్రిమిటివ్ లాంగ్ చేతిలో ఉంటే క్లోజర్ కంపైలర్ దృష్టిలో ఆబ్జెక్ట్ పారామీటరు సరిపోదు, ఇంట్ పారామీటరు సరిపోతుంది (లాంగ్‌ని ఇంట్‌గా కుదించి పంపుతుంది). కాబట్టి ఇండెక్సు తీసేసే రిమూవ్‌కి నేరుగా, వేగంగా, ఏ హెచ్చరికా లేకుండా కాల్ కట్టేసింది.

కాగితం మీద వేసి చూడండి. లిస్టులో 0 నుంచి 9. ఐదు అందాయి. ఇండెక్సు 0 తీస్తే 0 పోయింది. మిగిలినదాంట్లో ఇండెక్సు 1 తీస్తే 2 పోయింది. ఇండెక్సు 2 తీస్తే 4. తర్వాత 6. తర్వాత 8. మిగిలినవి 1, 3, 5, 7, 9. మిగలాల్సినవి 5, 6, 7, 8, 9. అంటే 1, 3 బ్యాచ్‌లు రెండోసారి వెళ్ళాయి. 6, 8 అసలు వెళ్ళలేదు. ఎక్సెప్షన్ రాలేదు. ఇంకా దారుణం, లెక్క కూడా సరిపోయింది! పది లోంచి ఐదు పోతే ఐదు. మా మానిటరింగ్ చూసేది ఆ లెక్కనే. మరి టెస్టో? టెస్టులో ఒక్కటే బ్యాచ్, నంబరు 0. ఇండెక్సు 0 లోనూ అదే, విలువ 0 కూడా అదే. పాస్ కాక చస్తుందా.

మర్నాడు పొద్దున కొందరు వ్యాపారులకి రెండుసార్లు డబ్బు పడింది, కొందరికి పడలేదు. పడనివాళ్ళు ఫోన్లు చేశారు. రెండుసార్లు పడినవాళ్ళు చేయలేదు, లోకం తీరు తెలిసిందే కదా. వారం రోజులు అందరం కూర్చుని సర్దాం. చివర్లో కారణాల నివేదికలో ఒక వాక్యం చేరింది, "డెవలపర్ చేసిన మానవ తప్పిదం" అని. ఆ డెవలపర్ అంటే హింటు పెట్టినవాడు. పెట్టమన్నవాడు కాదు.

అప్పుడు కూర్చుని క్లోజర్ కంపైలర్ సోర్స్ చదివాను. అదేం పెద్ద గ్రంథం కాదు, జావాలోనే ఉంటుంది, మెథడ్ ఎంచుకునే భాగం ఒక సాయంత్రంలో అయిపోతుంది. చదివిన తర్వాత భయం ఇంకా పెరిగింది.

ఉదాహరణకి, హింటు పెట్టకపోయినా ఇదే జరగొచ్చు. లిస్టుని అదే ఫంక్షన్‌లో లెట్ పెట్టి తయారుచేశారనుకోండి, కన్‌స్ట్రక్టర్ చూసి దాని టైపు కంపైలరే తెలుసుకుంటుంది. అంటే చిన్న ఫంక్షన్‌లో ఉన్న లైనుని పెద్ద ఫంక్షన్‌లోకి జరిపినా అర్థం మారిపోవచ్చు. ఒక్క అక్షరం మార్చకుండా! రీఫ్యాక్టరింగ్ అంటే ప్రవర్తన మారకుండా ఆకారం మార్చడం అని కదండీ మనం చదువుకున్నది?

ఇంకోటి వినండి. ఆ హింటు అలాగే ఉంచి, ఐ ని ఐడెంటిటీ ఫంక్షన్ గుండా పంపండి. ఐడెంటిటీ అంటే ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు తిరిగిచ్చే ఫంక్షన్, ఏ పనీ చేయదు. కానీ దానిలోంచి వచ్చేసరికి విలువ బాక్స్ అయిపోతుంది, కంపైలర్‌కి టైపు తెలియక ఆబ్జెక్ట్ అనుకుంటుంది, ఆబ్జెక్ట్ తీసుకునే రిమూవ్ ఖచ్చితంగా సరిపోతుంది. మళ్ళీ విలువ తీసేసే మెథడ్! సైడ్ ఎఫెక్టులు లేని ఫంక్షన్లు, విలువ స్థానంలో విలువ పెట్టినా ప్రోగ్రాం మారదు, ఇదంతా ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ గురించి మనం ఛాతీ విరుచుకుని చెప్పే మాటలు. ఏ పనీ చేయని ఫంక్షన్‌ని మధ్యలో పెడితే వేరే మెథడ్ పిలవబడే చోట ఆ మాటలు ఏ గంగలో కలపాలి?

రిచ్ హికీ 2011లో స్ట్రేంజ్ లూప్ సభలో "సింపుల్ మేడ్ ఈజీ" అని ఒక ప్రసంగం చేశాడు. మనలో చాలామంది దాన్ని సుప్రభాతంలా వింటాం. వేరువేరుగా ఉండాల్సిన రెండు విషయాల్ని జడలా అల్లేయడమే చిక్కులన్నిటికీ మూలం అని అందులో గొంతు చించుకున్నాడు. మరి అదే భాషలో ఒకే టోపీ గుర్తుకి వేగాన్నీ అర్థాన్నీ కలిపి జడ వేశారు కదా? ఆయన్ని తక్కువ చేసి మాట్లాడే స్థాయి నాకు లేదు, ఆ భాష తోనే నా ఇల్లు గడుస్తోంది. కానీ అడగక తప్పదు.

సరే, ఇప్పుడు జావా సోదరుల సంగతి. ఈ కథ ఎక్కడ చెప్పినా వాళ్ళు కళ్ళు మెరిపిస్తూ ఒకటే మాట, "అందుకే స్టాటిక్ టైపులు ఉండాలి, మా జావాలో ఇలా జరగదు." జరగదా? ఇంటీజర్ల లిస్టు తీసుకుని జావాలోనే రిమూవ్‌కి 1 ఇచ్చి చూడండి, విలువ 1 పోతుందో ఇండెక్సు 1 పోతుందో. ఈ గోతి 2004లో జావా 5 తో పాటు తవ్వారు, ఆటోబాక్సింగ్ వచ్చినప్పుడు. జాషువా బ్లోక్ తన "ఎఫెక్టివ్ జావా" రెండో ఎడిషన్‌లో (2008) సరిగ్గా ఈ రిమూవ్‌నే ఉదాహరణగా తీసుకుని వాయించాడు. ఆయన సలహా కూడా గమనించండి. ఒకే సంఖ్యలో పారామీటర్లు ఉన్న రెండు ఓవర్‌లోడ్‌లు బయటికి ఇవ్వకపోవడమే క్షేమం, వేరే పేర్లు పెట్టుకోండి అని. ఆబ్జెక్ట్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్‌లో రైట్‌ఇంట్, రైట్‌లాంగ్, రైట్‌బూలియన్ అని వేరువేరు పేర్లున్నాయి చూడండి, అలా.

పైగా అసలు తమాషా ఏంటంటే, మా లైనునే జావాలో రాస్తే మా ఉద్దేశమే నెరవేరేది. జావాలో ప్రిమిటివ్ లాంగ్ తీసుకెళ్ళి రిమూవ్‌కి ఇస్తే, లాంగ్‌ని ఇంట్‌గా కుదించడానికి జావా ఒప్పుకోదు, బాక్స్ చేసి ఆబ్జెక్ట్ రిమూవ్‌కి పంపుతుంది. క్లోజర్ కుదిస్తుంది. 2011లో వచ్చిన 1.3 నుంచి క్లోజర్‌లో మామూలు పూర్ణాంకాలన్నీ లాంగ్‌లే, జావా లైబ్రరీలేమో ఇంట్ అడుగుతాయి, కుదించకపోతే ఏ పనీ జరగదు. కాబట్టి అదే లిస్టు, అదే లాంగ్, అదే మెథడ్ పేరు. జావా కంపైలర్ ఒకర్ని పిలుస్తుంది, హింటు ఉన్న క్లోజర్ ఇంకొకర్ని పిలుస్తుంది, హింటు లేని క్లోజర్ మళ్ళీ జావా పిలిచినవాణ్ణే పిలుస్తుంది. "హింటు పెడితే జావా లాగా ఖచ్చితంగా ఉంటుంది" అనుకునేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోండి.

కాబట్టి ఇది స్టాటిక్‌కీ డైనమిక్‌కీ కోడిపందెం కాదు. రెండు వేరు పనులకి ఒకే పేరు పెట్టి, ఏది కావాలో "టైపు చూసి నువ్వే అర్థం చేసుకో" అని ఇంకొకరి మీదికి తోయడం అసలు జబ్బు. జావాలో తోసేది కంపైలర్ మీదికి. మనం తోసేది కంపైలర్ మీదికో రన్‌టైము మీదికో కూడా మనకి తెలీదు, మనది ఇంకొంచెం ముదిరిన కేసు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి బిగ్‌డెసిమల్ గురించి కూడా చెప్పి తీరాలి. (బిగ్‌డెసిమల్. ఎక్స్) అని రాశారు, ఎక్స్ టైపు తెలీదు. జేసన్‌లో మొత్తం కోట్స్ మధ్య స్ట్రింగ్‌గా వస్తోంది, "0.1" అని. స్ట్రింగ్ కన్‌స్ట్రక్టర్ పట్టుకుంటుంది, ఖచ్చితంగా 0.1 వస్తుంది. ఒకరోజు అవతలివాళ్ళు కోట్స్ తీసేసి అంకెగా పంపారు. మన పార్సర్ దాన్ని డబుల్ చేసింది. అదే లైను ఇప్పుడు డబుల్ కన్‌స్ట్రక్టర్‌ని పట్టుకుంటుంది. వచ్చేది 0.1000000000000000055511151231257827021181583404541015625. ఇది ఆ కన్‌స్ట్రక్టర్ తప్పు కాదు, డబుల్‌లో 0.1 అసలు విలువే అది, అడిగారు కాబట్టి నిజాయితీగా ఇచ్చింది. కానీ మీరు అడిగారా? అడగలేదు, వీధిలో కేకేశారు, వేరే సుబ్బారావు పలికాడు.

ఇక్కడ ఎక్స్ ముందు స్ట్రింగ్ అని హింటు పెట్టి ఉంటే? అంకె వచ్చిన రోజునే క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్‌తో కూలిపోయేది. రాత్రి పన్నెండుకి ఫోన్ వచ్చేది, తిట్టుకుంటూ లేచేవాళ్ళం, పది నిమిషాల్లో కారణం తెలిసేది. నాకు అదే కావాలి. చూశారా, ఈ హింటుకి స్పీడుతో ఏమన్నా సంబంధం ఉందా? ఇది "నాకు కావలసింది స్ట్రింగ్ సుబ్బారావు" అని కవరు మీద ఇంటిపేరు రాయడం. డాక్యుమెంటేషన్ సలహా పాటించి, స్పీడు సమస్య వచ్చేదాకా ఆగి ఉంటే ఈ హింటు ఎప్పటికీ పడేది కాదు, ఎందుకంటే ఆ లైను నెమ్మది అని ఎవరూ ఫిర్యాదు చేయరు.

క్లోజర్ సొంతంగా ఇచ్చే బిగ్‌డెక్ ఫంక్షన్ ఈ పని ఎలా చేస్తుందో దాని సోర్స్‌లో చూడండి. వచ్చింది ఫ్లోటా, రేషియోనా, బిగ్‌ఇంటీజరా అని ఒక్కో రకాన్నీ కండ్‌లో విడివిడిగా అడిగి, ఫ్లోట్ అయితే వాల్యూఆఫ్ దారిలో పంపుతుంది. నిర్ణయం అంతా కళ్ళ ముందు, కోడ్‌లో రాసి ఉంటుంది. క్లోజర్‌లో మనం రాసుకునే ఫంక్షన్లు కూడా ఆర్గ్యుమెంట్ల సంఖ్యని బట్టి మాత్రమే వేరవుతాయి, టైపుని బట్టి కాదు. టైపుని బట్టి వేరవ్వాలంటే మల్టీమెథడో ప్రోటోకాలో రాయాలి, అది బాహాటంగా కనబడుతుంది. అంటే భాష చేసినవాళ్ళకి ఈ జబ్బు గురించి బాగా తెలుసు, సొంత ఇంట్లోకి రానివ్వలేదు. జావా వైపు గుమ్మం దగ్గర మాత్రం 2024 దాకా సరైన తాళం పెట్టలేదు.

మిగతా డైనమిక్ భాషలవాళ్ళు అంతకుముందే పెట్టుకున్నారు. జేరూబీలో జావాసెండ్ అని ఉంది, మెథడ్ పేరుతో పాటు పారామీటర్ల టైపులు కూడా రాసి పిలవొచ్చు. డాట్‌నెట్ వైపు ఐరన్‌పైతాన్‌లో ఓవర్‌లోడ్స్ అనే గుణం ఉంది, చదరపు బ్రాకెట్లో టైపు రాసి ఫలానాదే కావాలని ఎంచుకోవచ్చు. వాళ్ళు దీన్ని స్పీడు సంగతిగా చూడలేదు, ఎంపిక సంగతిగా చూశారు.

2024 సెప్టెంబరులో క్లోజర్ 1.12 వచ్చింది. అందులో పారామ్ ట్యాగ్స్ అని పెట్టారు. మా లైను ఇప్పుడిలా రాయొచ్చు:

(^[ఆబ్జెక్ట్] ఆరేలిస్ట్/.రిమూవ్ పెండింగ్ ఐ)

క్లాసు పేరు, మెథడ్ పేరు, ఏ పారామీటరు టైపు ఉన్న మెథడ్ కావాలో, మూడూ ఉన్నాయి. ఇంటిపేరుతో సహా చిరునామా. ఐ ప్రిమిటివ్ అయినా, బాక్స్ అయినా, ఐడెంటిటీ గుండా వచ్చినా, తిరుపతి వెళ్ళొచ్చినా, పిలవబడేది ఆ ఒక్క మెథడే. దీని రూపం అందంగా లేదని కొందరి ఏడుపు. అందం కోసం అయితే ముగ్గు వేసుకోవచ్చు.

పాత వెర్షన్‌లో ఇరుక్కున్నవాళ్ళకి (మన సర్వీసు కంపెనీల్లో క్లయింటు ఒప్పుకునేదాకా ఏదీ కదలదు కదా) ఇంకో దారుంది. ఆరేలిస్ట్ అని కాకుండా కలెక్షన్ అని హింటు పెట్టండి. కలెక్షన్ ఇంటర్‌ఫేస్‌లో ఒక ఆర్గ్యుమెంటు తీసుకునే రిమూవ్ ఒక్కటే, విలువని తీసేసేది. తికమక పడటానికి ఇంకోటి లేదు. మా కుర్రాడు అలా రాసి ఉంటే ఏమీ జరిగేది కాదు. కానీ అలా రాయాలని తెలియాలంటే హింటు అనేది మెథడ్‌ని ఎంచుకుంటుందని ఎవరైనా చెప్పి ఉండాలి. నేను చెప్పింది స్పీడు గురించి.

"మేం రిఫ్లెక్షన్ హెచ్చరిక వచ్చిందంటే బిల్డ్ ఆపేస్తాం, మాకు ఈ సమస్య రాదు" అనేవాళ్ళకి ఒక్క మాట. మంచి అలవాటే, మానకండి. కానీ మా కేసులో హెచ్చరిక ఉన్నన్నాళ్ళూ ప్రోగ్రాం సరిగ్గా నడిచింది, హెచ్చరిక పోయిన రోజునే చెడింది. ఆ హెచ్చరిక అర్థం "ఎవర్ని పిలవాలో నాకు తెలీలేదు" అని. అది పోయిందంటే కంపైలర్‌కి ఎవరో ఒకరు దొరికారని, అంతవరకే. మీకు కావలసినవాడే దొరికాడని కాదు. కాబట్టి హెచ్చరిక నోరు మూయించడానికి హింటు పెట్టే ప్రతి చోటా, ముందు జావా డాక్యుమెంటేషన్ తెరిచి, ఆ పేరుతో అన్నే ఆర్గ్యుమెంట్లతో ఇంకో మెథడ్ ఉందా అని చూడండి. లేకపోతే నిశ్చింతగా పెట్టుకోండి. ఉంటే మాత్రం ఇంటిపేరు రాయండి. రివ్యూ చేసేవాళ్ళు హింటు ఒక్కటే ఉన్న మార్పుని "ఓహ్, స్పీడు మార్పు" అని కళ్ళు మూసుకుని ఒప్పుకోకండి. లాజిక్ మార్పుని చూసినట్టు చూడండి.

ఇదంతా ఎక్కువ చేస్తున్నానని మా టీములోనే ఒకాయన అన్నాడు. "రోజుకి ఎన్ని జావా మెథడ్‌లు పిలుస్తాం, ప్రతిదానికీ డాక్యుమెంటేషన్ తెరుస్తూ కూర్చుంటామా?" న్యాయమైన ప్రశ్నే. చాలా కాల్స్‌కి అక్కర్లేదు. అపెండ్‌లో 13 ఓవర్‌లోడ్‌లున్నా దాదాపు అన్నీ అర్థంలో ఒకటే పని చేస్తాయి, ఏది పట్టుకున్నా కొంప మునగదు. మునిగేది పేరు ఒకటై పని వేరైన చోట. రిమూవ్, బిగ్‌డెసిమల్ లాంటివి. మీ కోడ్‌లో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. వాటిని ఒక చిన్న ఫంక్షన్‌లో చుట్టి, "విలువని-తీసెయ్" అని పని చెప్పే పేరు పెట్టుకుంటే, మిగతావాళ్ళెవరూ ఆ గుమ్మం తొక్కక్కర్లేదు.

ఆ నివేదికలో వాక్యం మార్చమని మా మేనేజరు గారికి రాశాను. హింటు పెట్టమని రివ్యూలో రాసింది నేనని, నా వ్యాఖ్య లింకు కూడా జతచేశాను. "మూసేసిన టికెట్ మళ్ళీ తెరవడం ఎందుకండీ, అందరూ మర్చిపోయారు" అన్నారు. ఆ కుర్రాడు మర్చిపోలేదు. ఆ ఏడాది అప్రైజల్‌లో అదొచ్చింది, తర్వాత ఏడాది తిరక్కుండానే వేరే చోటికి వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడు మాట్లాడతాడు. 1.12 వచ్చినప్పుడు పారామ్ ట్యాగ్స్ పేజీ లింకు నాకు ముందు పంపింది అతనే, "అన్నా చూశావా" అని ఒక్క మాటతో.

మేం 2025లో 1.12 కి మారాం. మారగానే చేసిన మొదటి పని, కోడ్ మొత్తం మీద రిమూవ్ కోసం వెతకడం. పదకొండు చోట్ల దొరికింది. తొమ్మిది బాగానే ఉన్నాయి. రెండు చోట్ల లిస్టుకి ఆరేలిస్ట్ అని హింటు ఉంది, లోపల అంకెలు ఉన్నాయి, ఇండెక్సు తీస్తోందో విలువ తీస్తోందో చదివి చెప్పడం కష్టం. ఒకదాంట్లో ఇండెక్సే కావాలి, అదృష్టం. రెండోదాంట్లో విలువ కావాలి, కానీ ఆ లిస్టులో ఇప్పటిదాకా ఒకటికి మించి ఉన్న రోజు రాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఎవరు రాశారా అని గిట్‌లో చూశాను. 2016లో నేనే.